తీయ్ అంటే తెరవడమా, చెరపడమా

ఫోన్లో కంప్యూటర్

రిటైరయ్యాక నాకు దొరికిన పెద్ద సుఖం ఏమిటంటే, ఇంట్లో ఫోన్ మోగితే అది నా కోసం కాకపోవడం. ఎవరో పెళ్ళి పిలుపుకి చేస్తారు, మా ఆవిడ మాట్లాడుతుంది, నేను పేపర్ చదువుకుంటూ ఉంటాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఫోన్ మోగిందంటే ఎక్కడో ఏదో ఆగిపోయిందనే అర్థం. అన్నం ముందు కూర్చున్నా, స్నానాల గదిలో ఉన్నా గుండె ఒకసారి జారేది. ఆ జారడం ఆగిపోయి చాలాకాలమైంది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

నా ఉద్యోగాన్ని కాగితం మీద సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ అనేవారు. అసలు పని వేరు. కళ్ళకు కనిపించని కంప్యూటర్‌ను, దాని ముందు కూర్చున్న మనిషి గొంతు విని నడపడం. "ఏం కనిపిస్తోంది? కింద వరస చదవండి. ఇప్పుడు ఎంటర్ నొక్కండి." ఇలా బతికాను ముప్పై ఏళ్ళు. తెర ఎలాంటిదైనా మధ్యలో ఉండేది మాటే. ఆ సంగతి నాకు తెలియడానికి ఒక పెద్ద తప్పు చెయ్యాల్సి వచ్చింది.

మా అపార్ట్‌మెంట్‌లో ఇంజనీరింగ్ చదివే పిల్లలు అప్పుడప్పుడూ అడుగుతుంటారు. "అంకుల్, కమాండ్ లైన్ నేర్చుకోవాలా? ఇప్పుడన్నీ నొక్కితే అయిపోతున్నాయి కదా. ఇంతకీ ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మంచిది?" ఒక్క ముక్కలో జవాబు చెప్పమంటే నాకు చేత కాదు. అందుకే ఈ కథంతా రాస్తున్నాను.

నల్ల తెర గర్వం

మాది శ్రీకాకుళం వైపు. ఊరంతా కంప్యూటర్ కోర్సుల బోర్డులు వేలాడుతున్న రోజుల్లో హైదరాబాద్ వచ్చాను. అందరూ అమీర్‌పేటలో కోర్సులు చేసి విమానం ఎక్కుతుంటే, నేను సికింద్రాబాద్‌లో ఒక ధర్మసంస్థ నడిపే రక్తనిధిలో కుదిరాను. బన్సీలాల్‌పేట్ సందుల దగ్గర రెండంతస్తుల పాత భవనం. కింద రక్తం ఇచ్చేవాళ్ళ మంచాలు, పైన మా కంప్యూటర్లు. ఒకే ఒక్క పెద్ద యూనిక్స్ మెషిన్, దానికి తగిలించిన నాలుగు నల్ల తెరలు, కొన్ని పైన, కొన్ని కింది కౌంటర్లలో. వాటి మీద బొమ్మలుండవు, మౌస్ ఉండదు. అక్షరాలు టైప్ చేసి ఆజ్ఞ ఇస్తే అది చేసిపెడుతుంది. ఇచ్చిన ఆజ్ఞ మంచిదో చెడ్డదో అది అడగదు.

ఆ నల్ల తెరంటే నాకు మహా గర్వం. వేళ్ళ మీద యాభై ఆజ్ఞలు. చూపులతో కాకుండా చేతులతో గుర్తుపెట్టుకునేవాణ్ణి. బొమ్మల మీద నొక్కే వాళ్ళను చూస్తే, నడక రాక కర్ర పట్టుకున్నారనుకునేవాణ్ణి. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పట్లో ఆ మాట పైకి కూడా అనేవాణ్ణి.

మా డైరెక్టర్ గారు ప్రభుత్వ వైద్యంలో రిటైరైన పెద్ద డాక్టరు. లాలాగూడలో ఇల్లు. మనిషి కటువు, మాట కటువు, తప్పు చేసినవాణ్ణి మాత్రం ఓపిగ్గా వినేవారు. ఆ ఏడాది మెషిన్ పాతబడిందని, కొత్తది కొనాలని నిర్ణయమైంది. నల్ల తెరల సిస్టమే మళ్ళీ కొనాలా, రంగుల తెరల సిస్టమ్‌కి మారాలా అన్నది నన్ను తేల్చమన్నారు.

"నువ్వు జెప్పిందే కొంటం. గని నీకు ఏది ఇష్టమో అది గాదు, మనకు ఏది పనికొస్తదో అది జెప్పు," అన్నారు.

నాకు ఇష్టమైనదే మనకు పనికొస్తుందని నేను అప్పటికే తేల్చేసుకుని ఉన్నాను.

పూరా తీసెయ్యాల్నా

రజియా మా కింది కౌంటర్లో పనిచేసేది. వచ్చిన దాతల పేరు, గ్రూపు, ఫోన్ నంబరు ఎక్కించడం ఆమె పని. వాళ్ళ నాన్న బన్సీలాల్‌పేట్‌లోనే దర్జీ. పొద్దున తనే గేటు దాకా దింపి వెళ్ళేవాడు. ఆ ఇంట్లో కుట్టుమిషన్ ముందు కాకుండా ఇంకో మెషిన్ ముందు కూర్చున్న మొదటి మనిషి రజియానే. ఆ ఉద్యోగమంటే ఆమెకూ గర్వమే, వాళ్ళ నాన్నకి ఇంకా ఎక్కువ.

దాతల జాబితా చూసే శేఖర్ ఆ రోజు ఏదో కాలేజీలో రక్తదాన శిబిరానికి వెళ్ళాడు. నేను బేగంపేటలో కంప్యూటర్లు అమ్మే ఒక ఆఫీసులో ఏసీ గదిలో కూర్చుని, రంగుల తెరల సిస్టమ్ ఎలా ఉంటుందో చూస్తున్నాను. చూపిస్తున్న కుర్ర మేనేజర్ ఒక ఫైలును మౌస్‌తో లాగి చెత్తబుట్ట బొమ్మలో పడేశాడు. "నిజంగానే తీసెయ్యాలా?" అని తెర ఇంగ్లీషులో అడిగింది. "చూశారా సార్, ఎంత మర్యాదో!" అన్నాడతను. నాకు లోపల నవ్వొచ్చింది. ప్రతిదానికీ నన్ను అడిగే నౌకరు నాకెందుకు అనుకున్నాను.

అప్పుడే రిసెప్షన్ నుంచి నాకు ఫోన్ వచ్చిందని పిలిచారు.

"సార్, నేను రజియాని. జెర పరేషాన్ ఉన్నది. దవాఖాన నుంచి ఫోన్ చేసిండ్రు. కాన్పుకొచ్చినామెకు రక్తం బాగ పోతున్నదంట. ఓ నెగటివ్ గావాలె. మన ఫ్రిజ్‌ల లేదు. శేఖర్ సార్ లేడు. దాతలకు ఫోన్ చేద్దమంటె లిస్టు ఏడున్నదో ఎర్కలేదు."

ఓ నెగటివ్ అరుదైన గ్రూపు. నెగటివ్ గ్రూపుల వాళ్ళందరినీ మేం ఒకే ఫైల్లో పెట్టుకునేవాళ్ళం. ఏళ్ళ తరబడి ఒక్కొక్కరినీ బతిమాలి చేర్చిన పేర్లు. ఫైలు ఎక్కడుందో, పేరేమిటో అక్షరం అక్షరం చెప్పాను. ఆమె టైప్ చేసింది.

"కనిపించిందా అమ్మా?"

"కనిపిచ్చింది సార్, పేరు కనిపిచ్చింది."

"అయితే ఇంకేటి ఆలస్యం, తీసీమ్మా."

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. మా వైపు ఏ పనైనా తొందరగా చెయ్యమంటే చివర ఒక దీర్ఘం తగిలిస్తాం. వచ్చీ, ఇచ్చీ, తినీ. తలుపు తీసీ అంటే తలుపు గబుక్కున తెరువు అని. నేను "తీసీమ్మా" అన్నది ఫైలు తెరవమని.

అటు నుంచి రజియా అడిగింది. "పూరా తీసెయ్యాల్నా సార్?"

జాబితా మొత్తం తెరవాలా, ఓ నెగటివ్ వరకేనా అని అడుగుతోందనుకున్నాను. "ఆఁ, పూరా తీసీమ్మా. జల్దీ."

కీబోర్డు టకటక వినిపించింది.

"తీసేసిన సార్. ఇప్పుడు నంబర్లు ఎట్ల చూడాలె?"

 ఏం నొక్కావమ్మా అని అడిగాను. ఆర్ఎమ్ అంది. నల్ల తెర మీద అది ఫైలును చెరిపేసే ఆజ్ఞ. అడగదు, చెత్తబుట్టలో దాచదు, చెరిపేస్తుంది.

ముట్టుకోవద్దు

నకలు టేపు ఉంది. ఉండటం ఉంది గానీ అది పోయిన శనివారానిది, పైగా డైరెక్టర్ గారింట్లో ఉంది. భవనం తగలబడినా టేపు బతకాలని అక్కడ పెట్టేవాళ్ళం. అది తెచ్చి, ఎక్కించి, చదివించేసరికి మధ్యాహ్నం దాటుతుంది. పిల్లలూ, నకలు ఉందా అని ఎవరైనా అడిగితే ఉందని చెప్పడం సులువు. ఎంతసేపట్లో చేతికొస్తుందని మిమ్మల్ని మీరు అడుక్కోండి. నేను ఆ రోజు దాకా అడుక్కోలేదు.

అప్పుడు తట్టింది శేఖర్ సంగతి. అతనికి రోజూ పొద్దున్నే దాతల జాబితాను ఎడిటర్లో, అంటే ఫైళ్ళు దిద్దే ప్రోగ్రామ్‌లో తెరిచి, నంబర్లు సవరించే అలవాటు. సగంలో లేచి వెళ్ళే అలవాటు కూడా ఉంది.

"రజియమ్మా, పైకెళ్ళి శేఖర్ తెర మీద ఏటుందో చూసి చెప్పు. చూడు, అంతే. దేన్నీ ముట్టుకోవద్దు."

ఆమె మెట్లెక్కి దిగేదాకా రిసీవర్ చెవికి అదిమి పెట్టుకుని నిలబడ్డాను.

"సార్! గవే పేర్లున్నయ్ సార్! ఒక పేజీ అంత!"

ఎడిటర్లో ఫైలు తెరిచినప్పుడు దాని నకలు ఒకటి మెషిన్ జ్ఞాపకంలో ఉంటుంది. అసలు ఫైలు పోయినా, ఆ తెర మూసెయ్యనంతవరకూ నకలు బతికే ఉంటుంది. ఎవరైనా తెలియక బయటికి వచ్చే మీటలు నొక్కినా, కరెంటు పోయి మెషిన్ ఆగినా అదీ పోతుంది. తెర మీద కనిపించే పేర్లు చేత్తో రాసుకుని ఫోన్లు మొదలుపెట్టమని, ఆ కీబోర్డు దగ్గరికి ఎవరినీ రానివ్వొద్దని చెప్పి స్కూటర్ ఎక్కాను.

బేగంపేట నుంచి రాణీగంజ్ దాకా ప్రతి సిగ్నలూ ఎర్రగానే దొరికింది. దారిలో వీధి దుకాణాల ఫ్యాన్లు తిరుగుతున్నాయా లేదా అని చూసుకుంటూ వచ్చాను, కరెంటు ఉన్నట్టా లేనట్టా అని.

నేను వెళ్ళేసరికి శేఖర్ కుర్చీని వెనక్కి లాగేసి, కీబోర్డు మీద తన దుపట్టా కప్పి, రజియా పక్కన నిలబడి ఫోన్ చేస్తోంది. ఆ పేజీలో ఓ నెగటివ్ వాళ్ళు ముగ్గురే. ఒకాయన ఊళ్ళో లేడు, ఒకామె పోయిన నెలే ఇచ్చింది, మూడో నంబరు మోగుతోంది గానీ ఎవరూ ఎత్తడం లేదు.

దుపట్టా తీసి, ఒళ్ళు దగ్గర పెట్టుకుని, తెర మీదున్నదంతా కొత్త పేరుతో దాచమని ఆజ్ఞ ఇచ్చాను. ఇన్ని వరసలు రాశానని కింద అంకె వచ్చింది. మొత్తం వచ్చేసింది. వెంటనే పేజీలు తిప్పడం మొదలుపెట్టాను. తరువాతి పేజీలో లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసే ఒకాయన పేరుంది. ఆయనకు సొంత ఫోన్ లేదు, పక్కనున్న కిరాణా దుకాణం వాళ్ళ నంబరు ఇచ్చాడు. దుకాణదారు మనిషిని పంపి పిలిపించాడు. ఆయన టిఫిన్ డబ్బా సైకిల్‌కి అలాగే తగిలించుకుని వచ్చి రక్తం ఇచ్చాడు. ఆయన వెనకే ఇంకో ఇద్దరు దొరికారు.

సాయంత్రం దవాఖాన నుంచి ఫోన్. తల్లీ పిల్లా ఇద్దరూ క్షేమం. రజియా రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. నేను బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను.

రిపోర్టు

మర్నాడు డైరెక్టర్ గారు పిలిచారు. మెషిన్ ఎవరు ఏ ఆజ్ఞ ఇచ్చారో రాసిపెట్టుకుంటుంది. ఆ కాగితం ఆయన బల్ల మీద ఉంది. ఆర్ఎమ్ పక్కన రజియా పేరు.

"మన సంస్థ కమిటీ అడుగుతున్నది. ఎవరు జేసిండ్రు, ఎందుకైంది, రిపోర్టు రాసియ్యి. గా పిల్లను పిల్చి అడిగిన. గల్తీ అయింది సార్ అన్నది, అంతకుమించి నోరిప్పలే. ఇగ ఇంటికి పంపియ్యాల్సిందేనేమో."

ఆమె నా పేరు చెప్పలేదని అప్పుడే తెలిసింది. సిగ్గుగా ఉన్నా ఇక్కడ ఒప్పుకోవాల్సిందే, ఆ క్షణంలో నాకు ముందు కలిగింది ఊరట. ఆమె పని పోతుందని బాధ వెనకాల వచ్చింది.

ఆ రాత్రి ఇంటి దగ్గర రిపోర్టు రాశాను. చక్కగా కుదిరింది. ఆపరేటర్ అజాగ్రత్త వల్ల ఫైలు పోయింది, నల్ల తెర సిస్టమ్ వల్లనే తిరిగి దక్కింది, కాబట్టి కొత్తగా కూడా అదే కొనాలి. ఒక్క దెబ్బకి రెండు పనులూ అయిపోతాయి. చదివితే ఒక్క అక్షరం కూడా అబద్ధం అనిపించదు. అసలు సంగతి మాత్రం లేదు. అలాంటి రిపోర్టులు మీరూ చాలా చూస్తారు. కొన్ని మీరే రాస్తారు.

పొద్దున్న టైపు చేయించేముందు సరిగ్గా ఎన్నింటికి జరిగిందో చూద్దామని రజియా కౌంటర్ దగ్గరికి వెళ్ళాను. ఆమె ఇంకా రాలేదు. బల్ల మీది అద్దం కింద ఒక చీటీ. రెండేళ్ళ కిందట, ఆమె చేరిన కొత్తలో నేనే రాసిచ్చిన ఆజ్ఞల పట్టిక. నా చేతిరాతే.

ఫైలు చూచుటకు: మోర్.

ఫైలు తీయుటకు: ఆర్ఎమ్.

చూడమంటే ఒకటి, తీయమంటే ఇంకొకటి. నేను ఫోన్లో తియ్యమన్నాను. ఆమె నా చీటీలో ఉన్నదే చేసింది. చేసే ముందు పూరానా అని అడిగింది కూడా.

రిపోర్టు చింపి బుట్టలో వేశాను. అద్దం ఎత్తి చీటీ తీసుకుని డైరెక్టర్ గారి గదిలోకి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. చెప్పడం మొదలుపెట్టేదాకానే కష్టం. సగానికి వచ్చేసరికి ఊపిరి ఆడింది.

ఆయన చీటీని రెండుసార్లు చదివారు.

"నల్ల తెర అడ్గలే. ఆ పిల్ల అడ్గిందా?"

"అడిగింది సార్. నేను ఆఁ అన్నాను."

"మరి రంగుల తెర అడిగితె ఏమంటుంటివి?"

"అప్పుడూ ఆఁ అనే అందును సార్. నేను తెరవడం గురించే ఆలోచిస్తున్నాను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అయితె ముందుగాల గా మాట బంద్ చెయ్. తర్వాత మెషిన్ గురించి మాట్లాడుదం." నాకు ఒక మెమో ఇచ్చారు. రజియా జోలికి ఎవరూ పోలేదు.

ఆ రోజు నుంచి మా ఆఫీసులో ఫైలు విషయంలో "తీయ్" అనే మాట నిషేధం. తెరువు, లేదా చెరుపు. ప్రతి ఫోన్ పైనా కాగితం అంటించాం. అవతలి మనిషి ఏం చెయ్యబోతున్నారో తన మాటల్లో తిరిగి చెప్పాక గానీ ఎంటర్ నొక్కకూడదు. కొత్తగా వచ్చినవాళ్ళు నవ్వేవారు. వారం తిరిగేసరికి ఇంట్లో తలుపు కూడా తెరువు అనేవారు.

ఏది కొన్నాం

కింది కౌంటర్లకి రంగుల తెరలు కొన్నాం. వెనక గదిలో జాబితాలు దాచే మెషిన్‌కి నల్ల తెరే ఉంచాం. ఇది రెండు వైపులా సర్దుబాటు చెయ్యడం కాదు. కౌంటర్లో కూర్చునే మనిషి ముందు రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ళు, కళ్ళు తిరిగినవాళ్ళు, కంగారు పడే బంధువులు ఉంటారు. ఆమె ఆజ్ఞలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, చేయగలిగినవి కళ్ళెదుట కనిపించాలి. వెనక గదిలో ఒకే పనిని వందసార్లు తప్పు లేకుండా చెయ్యాలి, ఏం చేశామో రాతలో ఉండాలి, దూరం నుంచి నడపగలగాలి. అక్కడ టైప్ చేసే ఆజ్ఞకు సాటి లేదు, ఇప్పటికీ లేదు.

రంగుల తెర మర్యాద సంగతి కూడా చెప్పాలి. నెల తిరక్కుండానే అందరూ అది అడిగే ప్రశ్న చదవకుండా అవును మీద నొక్కడం నేర్చేసుకున్నారు. అందుకని పేర్లు చెరిపే చోట ఒక మార్పు చేయించాను. ఎంతమంది పేర్లు పోతాయో అది చూపిస్తుంది, ఆ అంకెను మనం టైప్ చెయ్యాలి. అంకె కొట్టేటప్పుడు మనిషి ఆగుతాడు. సిస్టమ్ ఎంచుకునేటప్పుడు తెర అందం చూడకండి, నాలాగా మీ వేళ్ళ పొగరూ చూడకండి. దాని ముందు ఎవరు కూర్చుంటారు, కంగారులో వాళ్ళు ఏం పొరపాటు చేస్తారు, చేశాక ఎంతసేపట్లో సర్దుకోగలరు, అది చూడండి.

రంగుల తెర పెట్టిన మొదటి రోజు రజియాకి మౌస్ నేర్పుతున్నాను. బాణం తెర చివరికి పోతే ఆమె చెయ్యి బల్ల దాటి గోడకి తగులుతోంది. "గిదేంది సార్, దీన్ని పట్టుడే ఒక నౌకరీ లెక్కున్నది," అని నవ్వింది. ఆ నవ్వు చూసి ధైర్యం వచ్చి, అన్నాళ్ళుగా నోట్లో నానుతున్న ప్రశ్న అడిగేశాను.

"ఆ రోజు డైరెక్టర్ గారు అడిగితే నా పేరెందుకు చెప్పలేదమ్మా? ఉద్యోగం పోయేదే కదా."

ఆమె తెర మీద నుంచి చూపు తిప్పలేదు.

"చెప్దమనే పోయిన సార్. గని నేను చెప్తె ఆయన మిమ్మల్ని పిలుస్తుండె. మీరొచ్చి నేను అనలే అంటె? నౌకరీ పోతె ఇంకోటి ఎతుక్కుంట. మీరు నా ముంగట అబద్ధమాడంగ చూసుడు మాత్రం నాతోని కాదు అనుకున్న. మా అబ్బాకు రోజు చెప్తుంటి, మా సార్ మంచోడని."

ఆమె చూడలేననుకున్న ఆ అబద్ధాన్ని నేను అప్పటికే ఒక రాత్రి కూర్చుని నీటుగా రాశానని, చీటీ కనిపించి ఉండకపోతే అది టైపుకి వెళ్ళిపోయేదని ఆమెకు చెప్పలేకపోయాను. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాసేశాను, తేలిగ్గా ఉంది.